డ్రాగ్ కారుకు మాన్యువల్ స్టీరింగ్ ర్యాక్: సీజన్‌కు ముందు చూసుకోవలసినవి

అమెరికాలో చలి ఎక్కువగా ఉండే రాష్ట్రాల డ్రాగ్ స్ట్రిప్‌లు (కార్లు తిన్నగా పరుగెత్తే పందెపు ట్రాక్‌లు) వసంతంలో తెరుచుకుంటాయి. అందాకా కార్లు గరాజుల్లో విప్పదీసి ఉంటాయి. 1979–93 నాటి ఫాక్స్ బాడీ ఫోర్డ్ మస్టాంగ్ ఉన్నవాళ్లలో చాలామంది ఈ ఖాళీ కాలంలో పవర్ స్టీరింగ్ తీసేసి మాన్యువల్ ర్యాక్ బిగిస్తారు. స్టీరింగ్ తిప్పుడును ముందు చక్రాలకు చేర్చే పళ్ల కడ్డీయే ర్యాక్. ముందు టైర్లు సన్నవి కాబట్టి హైడ్రాలిక్ సాయం లేకున్నా చేతులకు పెద్దగా కష్టం ఉండదు. పంపు, గొట్టాలు పోతే ముందువైపు బరువు తగ్గుతుంది, ఇంజిన్ మీద పంపు భారమూ పోతుంది. అయితే బరువూ ధరా చూసి ర్యాక్ కొనేవాళ్లే ఎక్కువ. నన్నడిగితే మొదట ర్యాక్ వెడల్పు చూడాలి, తర్వాత నిష్పత్తి, అంటే స్టీరింగ్ ఎంత తిప్పితే చక్రం ఎంత తిరుగుతుందన్నది. ధర సంగతి ఆ తర్వాతే.

డబ్బు మిగులుతుందని కొందరు పాత పవర్ ర్యాక్‌నే ఉంచి, పంపు తీసేసి, నూనె గొట్టాలు బిగించే రెండు పోర్టులనూ ఒక గొట్టంతో కలిపేస్తారు. ఈ పని చేయకండి. ఆ ర్యాక్‌లో స్టీరింగ్ షాఫ్ట్‌కూ, ర్యాక్‌ను కదిపే చిన్న పళ్ల చక్రం పినియన్‌కూ మధ్య సన్నటి ఉక్కు కడ్డీ ఉంటుంది. అది మెలి తిరిగితేనే వాల్వు తెరుచుకుంటుంది. పంపు లేకపోయినా ఆ మెలి ఎక్కడికీ పోదు. కదలకుండా నిలిపిన కారులో స్టీరింగ్‌ను అటూ ఇటూ మెల్లగా కదిపి చూడండి. ముందు చక్రం కదలకముందే చేయి కొంత దూరం వెళ్లిపోతుంది. గంటకు 200 కిలోమీటర్ల వేగంలో ఆ కొంచెమే మీ కొంప ముంచుతుంది.

నిష్పత్తి విషయంలో నెమ్మదైనదే మేలు. 20:1 అంటే స్టీరింగ్ 20 డిగ్రీలు తిప్పితే ముందు చక్రం ఒక డిగ్రీ తిరుగుతుంది. 200 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 55 మీటర్లు పోతుంది. దిశ ఒక్క డిగ్రీ తప్పినా సెకనులో దాదాపు మీటరు పక్కకు జరుగుతుంది. తత్తరపాటులో చేయి చేసే తప్పును 15:1 ర్యాక్ ఇంకాస్త పెద్దది చేస్తుంది. పైగా నేరుగా పోవడానికి డ్రాగ్ కార్లలో క్యాస్టర్ (ముందు చక్రం తిరిగే అక్షం వెనక్కి వాలిన కోణం) పెంచుతారు, దానితో స్టీరింగ్ బరువెక్కుతుంది. 15:1 అయితే ఆ బరువు చేతికి ఇంకా ఎక్కువ తెలుస్తుంది. మలుపుల రోడ్ల మీద కూడా నడిపే కారైతే తప్ప 15:1 జోలికి పోనక్కర్లేదు.

ఇక వెడల్పు. స్టార్ట్ లైను దగ్గర కారు ముక్కు లేచినప్పుడు చక్రాన్ని కింద పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ ఒక వంపులో, ర్యాక్‌ను చక్రానికి కలిపే టై రాడ్ మరో వంపులో కిందికి దిగుతాయి. ఆ రెండు వంపులూ పొసగకపోతే, మీరు స్టీరింగ్ కదపకున్నా టైర్లు లోపలికో బయటికో తిరుగుతాయి. దీన్నే బంప్ స్టీర్ అంటారు. ర్యాక్ రెండు చివర్లలోని లోపలి కీళ్ల మధ్య దూరం, ర్యాక్ ఎత్తు దీన్ని చాలావరకు నిర్ణయిస్తాయి. కంపెనీ కె-మెంబర్ (ఇంజిన్, ముందు ఆర్మ్‌లు, ర్యాక్ బిగించే అడ్డ చట్రం) తీసి గొట్టాలతో చేసినది బిగించినవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. అందులో ఆర్మ్ కీళ్ల స్థానం మారి ఉండవచ్చు. ఏ ర్యాక్‌కు సరిపోయేలా చేశారో తయారీదారును అడిగాకే కొనండి. తుక్కు యార్డులో చవకగా దొరికిందని 1974–78 మస్టాంగ్ 2 ర్యాక్‌నో, పింటో ర్యాక్‌నో తెచ్చి ఫాక్స్ కారులో ఇరికించవద్దు. ముందుభాగం మొత్తం సొంతంగా కట్టుకునేవాళ్ల సంగతి వేరు.

పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. కారును స్టాండ్ల మీద నిలిపి, ముందు స్ప్రింగులు తీసేయండి. స్టీరింగ్‌ను నడిమధ్యలో కదలకుండా కట్టండి. ఆర్మ్‌ల కింద జాకీలు పెట్టి, పూర్తిగా వేలాడే స్థితి నుంచి పూర్తిగా నొక్కుకునే దాకా 25 మిల్లీమీటర్ల చొప్పున రెండు పక్కలా సమానంగా లేపుతూ, ప్రతిచోటా రెండు టైర్ల మధ్య దూరాన్ని ముందూ వెనకా టేపుతో కొలిచి రాసుకోండి. తేడా మారుతూ పోతుంటే టై రాడ్ బయటి చివర కింద షిమ్‌లు (పలుచటి బిళ్లలు) వేయడమో, రంధ్రం పక్కకు ఉండే ఆఫ్‌సెట్ బుష్‌లతో ర్యాక్ ఎత్తు మార్చడమో చేయాలి. అలైన్‌మెంట్ షాపు వాళ్లిచ్చే కాగితంలో ఇదేదీ కనిపించదు. వాళ్లు కొలిచేది కారు నేల మీద నిలబడి ఉన్నప్పటి లెక్క మాత్రమే.

పాత ర్యాక్ కొంటుంటే ఒక చివర నుంచి మరో చివర దాకా చేత్తో తిప్పి చూడండి. అరుగుదల ఎక్కువగా మధ్యలోనే ఉంటుంది. అక్కడి వదులు పోగొట్టడానికి సర్దుబాటు స్క్రూ బిగిస్తే చివర్లలో పట్టేస్తుంది. అలాంటిది వదిలేయండి. ఇరుసుకు ముందుండే ర్యాక్‌ను అలాగే వెనక్కి మార్చి బిగిస్తే స్టీరింగ్ కుడికి తిప్పినప్పుడు కారు ఎడమకు పోతుందన్నది కూడా మరవకండి.

స్టీరింగ్ షాఫ్ట్‌లో పాత రబ్బరు కప్లింగ్ ఉంటే తీసి యూ-జాయింట్ (కోణంలోనూ తిరిగే ఉక్కు కీలు) వేయండి. నూనె, వేడి ఆ రబ్బరును తినేస్తాయి. ర్యాక్ నుంచి బయటికొచ్చే షాఫ్ట్ చివరి పళ్ల లెక్క, జాయింట్ పళ్ల లెక్క సరిగ్గా ఒకటే ఉండాలి. సుత్తితో కొడితే ఎక్కింది కదా అనుకుంటే కుదరదు. జాయింట్‌ను షాఫ్ట్‌కు పట్టి ఉంచే సెట్ స్క్రూ కూర్చునేచోట షాఫ్ట్‌లో చిన్న గుంట తొలిచి, పైన లాక్ నట్టు వేయాలి. మూడు జాయింట్లుంటే మధ్యలో ఆధారంగా బేరింగు తప్పనిసరి. హెడర్ (ఇంజిన్ పొగ బయటికి పోయే) గొట్టానికీ షాఫ్ట్‌కూ మధ్య ఖాళీని ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు చూసి తృప్తి పడకండి. యాక్సిలరేటర్ తొక్కగానే ఇంజిన్ ఒక పక్కకు ఒరుగుతుంది.

ఊడదీసే స్టీరింగ్ వీల్ వాడుతుంటే దాని హబ్‌కు ఎస్‌ఎఫ్‌ఐ (రేసు కార్ల భాగాలకు భద్రతా ప్రమాణాలు పెట్టే అమెరికా సంస్థ) 42.1 ధ్రువీకరణ ఉందో లేదో చూడండి. లైను దగ్గరికి వెళ్లే ముందు ప్రతిసారీ గట్టిగా లాగి చూడండి. ముందు చక్రాలు గాలిలో ఉన్నప్పుడు స్టీరింగ్ తిప్పకండి. వంకరగా దిగిన చక్రం నేల తాకగానే కారును పక్కకు లాగేస్తుంది.

మొదటి రోజు పూర్తి పావు మైలు పరుగు వద్దు. వంద మీటర్లు పోయి వదిలేసి, వెనక్కి వచ్చి ర్యాక్ బోల్టులు, టై రాడ్ లాక్ నట్లు, షాఫ్ట్ సెట్ స్క్రూలు చూడండి. ముందే ప్రతి నట్టు మీదుగా పెయింటుతో ఒక గీత గీసి ఉంచితే, ఏది కదిలిందో టార్చి వెలుగులో ఇట్టే తెలిసిపోతుంది.