సీటొచ్చింది, ఫీజుకు డబ్బుల్లేవు: పేపర్లో పడేదెలా, పడ్డాక చేయాల్సిందేంటి

ఏటా జూన్ చివరి నుంచి సెప్టెంబరు దాకా జిల్లా పేజీల్లో ఒకే రకం వార్త కనిపిస్తుంటుంది. హెడ్డింగులు కూడా అవే, ‘సరస్వతి ఉంది.. లక్ష్మి లేదు’ అనో ‘చదువుల తల్లికి ఫీజు కష్టాలు’ అనో. జిల్లా డెస్కులో కూర్చుని ఇలాంటి ఐటమ్‌లు బోలెడు దిద్దాను కాబట్టి చెప్తున్నా, వీటిలో కొన్నింటికి రెండ్రోజుల్లో డబ్బు సమకూరుతుంది, కొన్నింటికి నాలుగు ఫోన్లు కూడా రావు. కష్టాలు అందరివీ ఇంచుమించు ఒకలాంటివే. ఎంత కావాలి, ఏ తేదీలోపు కావాలి, ఎవరికి కట్టాలి, ఈ మూడూ వార్తలో స్పష్టంగా ఉన్నవాళ్లకు డబ్బు వచ్చింది.

కాబట్టి విలేకరికి ఫోన్ చేసేముందు ఓ తెల్లకాగితం తీసుకుని లెక్క రాయండి. చాలామంది తల్లిదండ్రులు ‘నాలుగేళ్లకు పది లక్షలండీ’ అని నోటికొచ్చిన అంకె చెప్పేస్తారు, అది చదివినవాడు మనవల్ల ఏమవుతుందిలే అని పేజీ తిప్పేస్తాడు. అసలు అంకె వేరుగా ఉండొచ్చు. ఐఐటీల్లో బీటెక్ ట్యూషన్ ఫీజు ఏడాదికి 2 లక్షలు, ఎన్ఐటీల్లో 1.25 లక్షలు, నిజమే. కానీ ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు అది పూర్తిగా మాఫీ. మిగతావాళ్లకైనా కుటుంబ వార్షికాదాయం లక్ష లోపుంటే మొత్తం మాఫీ, లక్ష నుంచి 5 లక్షల మధ్య ఉంటే మూడింట రెండు వంతులు తగ్గుతుంది. చేతి నుంచి పెట్టుకోవాల్సింది హాస్టలు, మెస్సు, కౌన్సెలింగ్‌లో సీటు నిలుపుకోవడానికి కట్టేది, రైలు చార్జీలు, లాప్‌టాప్. రాష్ట్రంలో కన్వీనర్ కోటా సీటైతే ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి తెలంగాణలో ఈపాస్, ఆంధ్రలో జ్ఞానభూమి పోర్టళ్లు ఉన్నాయి. ఆ డబ్బు ఎప్పుడు పడుతుందో దేవుడికెరుక, కాలేజీవాళ్లు మాత్రం ముందు కట్టమంటారు, అదీ అందరికీ తెలిసిందే. అయినా దాత అడిగే మొదటి ప్రశ్న ‘రీయింబర్స్‌మెంట్ రాదా అమ్మా?’ అనే. దానికి మీ దగ్గర సూటి జవాబు ఉండాలి, నీళ్లు నమిలితే పని కాదు.

లోన్ సంగతి కూడా అడుగుతారు. 2024 నవంబరులో కేంద్ర కేబినెట్ ఒప్పుకున్న పీఎం విద్యాలక్ష్మి పథకంలో, ఎంపిక చేసిన మేటి సంస్థల్లో సీటు వచ్చినవాళ్లకు తాకట్టు, పూచీకత్తు లేకుండా బ్యాంకు లోన్ ఇవ్వాలి. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపుంటే 10 లక్షల దాకా తీసుకున్న లోన్‌పై 3 శాతం వడ్డీ రాయితీ కూడా ఉంది. అప్లై చేసేయండి. కాకపోతే లోన్ మంజూరయ్యే తేదీ, కాలేజీ పెట్టే గడువు ఎప్పుడూ కలవవు, మధ్యలో ఓ గుంత మిగులుతుంది. మీరు జనాన్ని అడగాల్సింది ఆ గుంత పూడ్చుకోవడానికే. మొదటి ఏడాదికి మాఫీ పోగా, లోన్ పోగా, ఇంట్లో సర్దింది పోగా ఇంకెంత? 70 వేలు? అయితే అదే అడగండి. 70 వేలు అడిగితే ఏడుగురు పదేసి వేలు వేసుకుందామని మాట్లాడుకుంటారు, పది లక్షలు అడిగితే ఎవరూ మాట్లాడుకోరు.

అడగడం ఎలాగో తెలియాలంటే అమెరికాలో జరిగిన ఓ ముచ్చట ఉంది. 1987లో ఇల్లినాయిస్ యూనివర్సిటీలో చేరిన ఓ కుర్రాడికి నాలుగేళ్ల చదువుకు 28,000 డాలర్లు కావాల్సి వచ్చింది. చికాగో ట్రిబ్యూన్‌లో కాలమ్ రాసే బాబ్ గ్రీన్‌ని పట్టుకుని, పాఠకులు తలా ఒక్క పెన్నీ పంపితే చాలని రాయమన్నాడు. పెన్నీ అంటే డాలర్‌లో నూరోవంతు, 28 లక్షల మంది పంపితే లెక్క సరిపోతుంది. గ్రీన్ కాలమ్ అప్పట్లో చాలా ఊళ్ల పత్రికల్లో వచ్చేది, ఉత్తరాలు మూటలు మూటలుగా వచ్చిపడ్డాయి, కొందరు పెన్నీ బదులు పెద్ద మొత్తాలే పంపారు, డబ్బు సమకూరింది, డిగ్రీ కూడా పూర్తయింది. వాడి తెలివంతా ఎక్కడుందంటే, ఏడవలేదు, కాదనడానికి మొహమాటపడేంత చిన్నది అడిగాడు. మీరు అదే కాపీ కొడితే ఇప్పుడు పేలదు, వంద రూపాయల ఛాలెంజ్‌లు రీల్స్ నిండా ఉన్నాయి.

ఇక విలేకరి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్న పెద్ద ఆఫీసులకు మెయిల్ పెడితే అది ఎవరూ చూడని ఇన్‌బాక్స్‌కి పోతుంది. మీకు కావాల్సింది మీ మండల విలేకరి. ఈనాడు, సాక్షి, ఆంధ్రజ్యోతి, నమస్తే తెలంగాణ, వెలుగు, ఏ పేపరుకైనా మండలానికో నియోజకవర్గానికో ఓ మనిషి ఉంటాడు, మీ హైస్కూలు హెడ్మాస్టరు దగ్గరో జూనియర్ కాలేజీ ప్రిన్సిపాల్ దగ్గరో నంబరు తప్పకుండా ఉంటుంది. పొద్దున పది పదకొండుకు కలవండి. సాయంత్రం అయ్యాక వెళ్లారో, అతను వార్తలు పంపే హడావుడిలో ఉంటాడు, మీది రేపటికి పోతుంది, రేపు ఇంకో ప్రమాదమో ధర్నానో వస్తుంది. వెళ్లేటప్పుడు అలాట్‌మెంట్ ఆర్డరు, ర్యాంకు కార్డు, ఆదాయ ధ్రువపత్రం, కాలేజీ ఫీజు నోటీసు జిరాక్సులు, పైన చెప్పిన లెక్క కాగితం పట్టుకెళ్లండి. విలేకరికి మీ కథ కన్నా ఈ కాగితాలే ముఖ్యం, డెస్కులో నాలాంటివాడు ‘ఇది నిజమేనా, చూశావా?’ అని అడిగినప్పుడు అతను చెప్పాలి కదా.

ఫొటో దగ్గర కొంచెం గట్టిగా ఉండండి. గుడిసె ముందు తల్లి కళ్లు తుడుచుకుంటుంటే బాగుంటుందని కొందరు అడుగుతారు. ఒప్పుకోవాల్సిన పని లేదు. అలాట్‌మెంట్ ఆర్డరు పట్టుకుని అమ్మానాన్నలతో నిలబడిన ఫొటో సరిపోతుంది, నాలుగేళ్ల తర్వాత ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు ఎవరో గూగుల్‌లో చూసినా తలెత్తుకునేలా ఉండాలి. నాన్న తాగుడు సంగతి, అక్క పెళ్లి అప్పులు, ఇవి కూడా వార్తకు అక్కర్లేదు. ‘నాన్న కూలీ, అమ్మ బీడీలు చుడుతుంది’ అన్న ఒక్క వాక్యం చదివితే మనవాళ్లకు మిగతాది అర్థమవుతుంది. యూట్యూబ్ ఛానల్ పేరుతో వచ్చి ‘వీడియో చేస్తాం, ఎడిటింగ్ ఖర్చు ఇవ్వండి’ అనేవాళ్లకు ఒక దండం పెట్టి పంపించేయండి.

గడువు తేదీ తప్పకుండా వేయించండి. 2024లో ఉత్తరప్రదేశ్ నుంచి ఓ దళిత విద్యార్థికి ఐఐటీ ధన్‌బాద్‌లో సీటు వస్తే, 17,500 రూపాయలు సకాలంలో కట్టలేక సీటు పోయింది. డబ్బు చేతికి వచ్చేసరికి పోర్టల్ మూసుకుంది. సెప్టెంబరు 30న సుప్రీంకోర్టు రాజ్యాంగంలోని 142వ అధికరణం కింద ఉన్న తన ప్రత్యేక అధికారం వాడి సీటు ఇప్పించింది. అందరికీ సుప్రీంకోర్టు దాకా వెళ్లే యోగం ఉండదు. అదే ఏడాది తెలంగాణలో ఐఐటీ సీటు వచ్చిన ఓ గిరిజన అమ్మాయి ఫీజు కట్టలేని స్థితిలో ఉందని వార్తలొస్తే, గడువు దాటకముందే ప్రభుత్వం డబ్బు మంజూరు చేసింది. కనీసం పది రోజుల ముందు వార్త పడేలా చూసుకోండి. రేపే ఆఖరు అంటే దాతలకు జాలి కన్నా అనుమానం ఎక్కువ వస్తుంది.

పేపరు క్లిప్పింగు చేతికొచ్చాకే అసలు పని మొదలవుతుంది. దాన్ని పదో తరగతి పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపుల్లో వేయించండి. ఆత్మీయ సమ్మేళనాల పుణ్యమా అని ఇప్పుడు ప్రతి హైస్కూలుకూ 1990ల బ్యాచ్‌ల నుంచి గ్రూపులున్నాయి, వాళ్లలో దుబాయ్‌లో ఉన్నవాళ్లు, డల్లాస్‌లో ఉన్నవాళ్లు, ఊళ్లోనే రైస్ మిల్లు నడిపేవాళ్లు అందరూ ఉంటారు. ‘మన స్కూలు పిల్ల’ అన్న మాట పనిచేసినంతగా ఏ హ్యాష్‌ట్యాగూ పనిచేయదు. అయితే మెసేజ్ మీరు కాకుండా మీ టీచర్ పెట్టాలి. ఇలా ఉంటే చాలు:

‘నేను మన హైస్కూల్లో లెక్కల టీచర్ని. మన స్కూల్లో పది చదివిన అమ్మాయికి ఎన్ఐటీ వరంగల్‌లో సివిల్ ఇంజినీరింగ్ సీటు వచ్చింది. ట్యూషన్ ఫీజు మాఫీ ఉంది. హాస్టలు, మెస్సు, లాప్‌టాప్‌కి మొదటి ఏడాది 1,10,000 కావాలి. తండ్రి 40,000 సర్దారు. ఇంకా 70,000 తక్కువ. ఆగస్టు 5, 20__ లోపు కట్టాలి. హాస్టలు, మెస్సు ఫీజు నేరుగా కాలేజీకే కట్టొచ్చు, వివరాలకు నాకు ఫోన్ చేయండి. 70,000 పూర్తవగానే ఇక్కడే చెప్తాను, ఆ తర్వాత ఎవరూ పంపొద్దు.’

ఆ చివరి వాక్యం తీసేయకండి. దాంతోనే జనానికి నమ్మకం కుదురుతుంది.

ఎక్స్‌లో మంత్రుల్ని, పార్టీల నాయకుల్ని, కలెక్టర్‌ని ట్యాగ్ చేయడం కూడా తప్పేం కాదు, కేటీఆర్, లోకేశ్ లాంటివాళ్లు ఇలాంటి పోస్టులకు స్పందించిన సందర్భాలు చాలానే ఉన్నాయి. క్లిప్పింగు, ఒక్క లైను లెక్క, జిల్లా పేరు పెట్టండి, పాతికమందిని ట్యాగ్ చేస్తే స్పామ్‌లా కనిపిస్తుంది. దాంతోపాటు సోమవారం కలెక్టరేట్‌కి వెళ్లండి, జనం అర్జీలు తీసుకునే రోజది, తెలంగాణలో ప్రజావాణి అంటారు, ఆంధ్రలో పీజీఆర్ఎస్ అంటారు. అర్జీకి క్లిప్పింగు జతచేసి, కలెక్టర్‌ని డబ్బు అడిగేకన్నా జిల్లాలో బ్యాంకులన్నిటినీ సమన్వయం చేసే లీడ్ బ్యాంకు మేనేజరుకు లోన్ గురించి చెప్పించమని అడిగితే పని త్వరగా కదులుతుంది. మిలాప్, కెట్టో లాంటి క్రౌడ్‌ఫండింగ్ సైట్లు పెద్ద మొత్తాలకు, బయటి ఊళ్ల దాతలకు పనికొస్తాయి. కానీ పేజీ పెట్టగానే అపరిచితులు వచ్చి డబ్బు వేస్తారనుకోకండి, ముందు మీకు తెలిసిన పదిమంది వేయాలి. చార్జీలు, దాతల బిల్లులో తనంతట తాను కలిసిపోయే ‘టిప్’ ఎంతో చూసుకోండి.

నాయకుల సంగతి త్వరగా చెప్పేస్తా. వేదిక మీద 50 వేలు ప్రకటిస్తారు, చప్పట్లు పడతాయి, ఫొటో వస్తుంది. ప్రకటించింది చేతికి వచ్చేదాకా మీ లెక్కలో కలపకండి. పీఏ నంబరు అక్కడే తీసుకుని మర్నాడు ఫోన్ చేయండి, సిగ్గుపడొద్దు.

ఇప్పుడు ఖాతా, ఎవరూ ముందుగా ఆలోచించనిది. వీలైనంతవరకు డబ్బు మీ ఖాతాకు రాకుండా కాలేజీకే పోయేలా చూడండి. చాలా ప్రభుత్వ సంస్థలకు ఆన్‌లైన్‌లో ఫీజు కట్టే ఎస్‌బీఐ కలెక్ట్ పేజీ ఉంటుంది, రోల్ నంబరో అప్లికేషన్ నంబరో వేసి ఎవరైనా కట్టొచ్చు, లేదంటే కాలేజీ పేర డీడీ తీయొచ్చు. మీ ఖాతాకే రావాలంటే ముందు బ్యాంకుకి వెళ్లి అది ఏ రకం ఖాతానో అడగండి. పూర్తి కేవైసీ లేకుండా తెరిచిన చిన్న ఖాతాలకు ఏడాదికి మొత్తం లక్ష రూపాయల జమ, ఏ సమయంలోనైనా 50 వేల నిల్వ అని పరిమితి ఉంది. వార్త పడ్డ రోజు డబ్బులు వెనక్కి పోతుంటే అప్పుడు బ్యాంకు చుట్టూ తిరగడం ఎంత టెన్షనో చెప్పక్కర్లేదు. ఇంటర్ అయినవాళ్లలో చాలామందికి ఇంకా పద్దెనిమిది నిండవు, అలాంటప్పుడు అమ్మ పేర ఉన్న ఖాతా మేలు. ఇంకోటి, ఎవరైనా సైబర్ మోసం డబ్బు మీ ఖాతాలోకి పంపితే పోలీసు ఫిర్యాదు మీద ఖాతా ఫ్రీజ్ కావొచ్చు, సరిగ్గా ఫీజు గడువు రోజునే అయినా ఆశ్చర్యం లేదు. కాలేజీకి నేరుగా కట్టించమనడానికి ఇది పెద్ద కారణం.

బంధువులు కానివాళ్లు ఇచ్చింది ఏడాదిలో మొత్తం 50 వేలు దాటితే అది ఆదాయపు పన్ను లెక్కలో మీ ఆదాయమే. మీకు వేరే ఆదాయం లేకపోతే సాధారణంగా పన్ను పడేంత ఉండదు గానీ ఎవరు ఎంత పంపారో నోట్‌బుక్‌లో రాసిపెట్టుకోండి. విదేశాల్లో ఉన్నా ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపాలంటే విదేశీ విరాళాలను నియంత్రించే ఎఫ్‌సీఆర్ఏ చట్టం ఉంది, ఆడిటర్‌ని అడగకుండా ఖాతాలో వేయించుకోకండి.

వార్తలో ఆడపిల్ల నంబరు ఎట్టి పరిస్థితుల్లోనూ ఇవ్వొద్దు, నాన్నదో టీచర్‌దో ఇవ్వండి. ర్యాంకు కార్డు ఫొటో ఉన్నదున్నట్టు గ్రూపుల్లో పెట్టొద్దు. హాల్‌టికెట్ నంబరు, పుట్టిన తేదీ బయటపడితే మీ కౌన్సెలింగ్ లాగిన్‌లో వేలు పెట్టే అవకాశం ఇచ్చినట్టే, అవి చెరిపేసి పెట్టండి. ‘ట్రస్టు నుంచి రెండు లక్షలు మంజూరైంది, ప్రాసెసింగ్‌కి మూడు వేలు కట్టండి’ అని ఫోన్ వస్తుంది, కచ్చితంగా వస్తుంది. ‘ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి, డబ్బు పడుతుంది’ అని కూడా. డబ్బు తీసుకోవడానికి పిన్ అక్కర్లేదని ఇంట్లో అమ్మకి కూడా చెప్పి ఉంచండి, ఎందుకంటే మీరు కాలేజీలో ఉన్నప్పుడు ఆ ఫోన్ ఎత్తేది ఆవిడే.

ఫీజు కట్టాక రసీదు ఫొటో అదే గ్రూపులో పెట్టండి, ఫస్ట్ సెమిస్టర్ మార్కులు కూడా. ఎక్కువ వచ్చిన డబ్బుంటే దాతలతోనే చెప్పి రెండో ఏడాదికి ఉంచండి, లేదా మీ వెనక వచ్చే పిల్లాడికి మళ్లించండి. విలేకరికి ఫోన్ చేసి సాయం అందిందని ఓ చిన్న ఐటమ్ వేయమనండి, అతనూ సంతోషంగా వేస్తాడు. తర్వాత ఎక్స్‌లో, స్టేటస్‌లో, ఫేస్‌బుక్‌లో మీ క్యూఆర్ ఉన్న పోస్టులన్నీ తీసేయండి. ఫార్వర్డ్ అయిన మెసేజ్‌ని మాత్రం ఎవరూ ఆపలేరు, రెండేళ్ల తర్వాత కూడా తిరుగుతూనే ఉంటుంది, అందుకే మొదట రాసేటప్పుడే నెల ఒక్కటే కాకుండా ఏడాది కూడా వేయండి.