పీహెచ్‌డీ గైడ్ పేపర్లు, సైటేషన్లు చెక్ చేసుకోవడం ఎలా?

నల్గొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీలోనో, మహబూబ్‌నగర్ పాలమూరు యూనివర్సిటీలోనో ఎమ్మెస్సీ అయిపోయి బయోమెడికల్ వైపు పీహెచ్‌డీ చేద్దామనుకునేవాళ్లకు సీనియర్లు చెప్పే మాట ఒకటుంది: "ఆ సార్ దగ్గరికి పో, వంద పేపర్లున్నయ్." ఉండొచ్చు. కానీ ఏళ్ల తరబడి ఆయన దగ్గర పనిచేయాల్సింది మీరు కాబట్టి, ఆ వంద ఎలాంటివో మీరే చూసుకోవాలి. దీనికి పైసా ఖర్చు లేదు, ఒక పూట కూర్చుంటే చాలు.

ముందు మనిషిని ఖాయం చేసుకోండి

సగం తికమక మన పేర్లతోనే వస్తుంది. కె. శ్రీనివాస్ రెడ్డి అనే సార్ ఉన్నారనుకోండి. ఒక జర్నల్ ఆయన్ని 'రెడ్డి కె.ఎస్.' అని వేస్తుంది, ఇంకోటి 'శ్రీనివాస్ కె.' అంటుంది. వైద్య పరిశోధన పేపర్లు వెతికే ఉచిత వెబ్‌సైట్ పబ్‌మెడ్‌లో 'రెడ్డి కె.ఎస్.' అని కొడితే, పబ్లిక్ హెల్త్‌లో పేరున్న డాక్టర్ కె. శ్రీనాథ్ రెడ్డి గారి పేపర్లూ వచ్చి కలుస్తాయి. రెండోది కొడితే ఎక్కడెక్కడి శ్రీనివాస్‌లంతా దిగుతారు. పైగా 2002కు ముందు పేపర్లకు పబ్‌మెడ్‌లో ఇంటిపేరు, ఇనీషియల్స్ మాత్రమే ఉంటాయి. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకున్న మేడమ్‌ల పాత పేపర్లు పాత పేరు మీదే ఉండిపోతాయి.

అందుకే మొదట ఆర్కిడ్ ఐడీ ఉందేమో చూడండి. అది పరిశోధకులకిచ్చే 16 అంకెల నంబర్. ఈమధ్య వచ్చిన పేపర్లలో రచయిత పేరు పక్కన ఆకుపచ్చ గుర్తు మీద నొక్కితే దొరుకుతుంది. అది లేకపోతే పేరుకు సంస్థ, ఊరు, సబ్జెక్టు జోడించి వెతకాలి. ఊరి పేరు మీదే ఆధారపడితే మాత్రం దెబ్బతింటారు. 1988 నుంచి 2013 దాకా పబ్‌మెడ్ మొదటి రచయిత చిరునామా ఒక్కటే ఎక్కించేది, కాబట్టి మిగతా రచయితల ఊరు అందులో దొరకదు. 2016లో జిల్లాలు విడిపోకముందు సూర్యాపేట, భువనగిరి కూడా నల్గొండ జిల్లాలోవే, కాబట్టి పాత పేపర్లలో వాటికీ నల్గొండ పేరే ఉండొచ్చు.

చేయి తిరగడానికి పబ్‌మెడ్‌లో ఇంగ్లిష్‌లో 'ఫ్లోరోసిస్ నల్గొండ' అని కొట్టి చూడండి. 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో సిద్దిఖీ రాసిన పేపర్ తగులుతుంది, ఎందుకంటే దాని టైటిల్లోనే నల్గొండ ఉంది. ఫ్లోరోసిస్ ప్రాంతంలో మోకాళ్లు లోపలికి వంకరపోవడం గురించి కృష్ణమాచారి, కృష్ణస్వామి 1973లో లాన్సెట్‌లో రాసిన పేపర్ టైటిల్లో ఊరి పేరే లేదు. ఊరు పట్టుకుని వెతికితే అంత ముఖ్యమైన పేపర్ కూడా చేజారిపోవచ్చు.

తర్వాత సైటేషన్లు

ఒక పేపర్‌ను వేరే పేపర్ ఆధారంగా చూపిస్తే దాన్ని సైటేషన్ అంటారు. పరిశోధన పేపర్లు వెతికే గూగుల్ స్కాలర్‌లో సార్ ప్రొఫైల్ తెరవండి. స్కోపస్ అనే సైటేషన్ల డేటాబేస్‌తో పోలిస్తే ఇందులో అంకె సాధారణంగా ఎక్కువే కనిపిస్తుంది, థీసిస్‌లు, పుస్తకాలు కూడా లెక్కలోకి వస్తాయి కాబట్టి. ఒక్కోసారి వేరేవాళ్ల పేపర్లు కూడా ప్రొఫైల్లోకి వచ్చి చేరతాయి. లిస్టు పైనుంచి కిందికి ఓసారి చూస్తే, కిడ్నీ మీద పనిచేసే ఆయన ఖాతాలో సివిల్ ఇంజనీరింగ్ పేపర్ ఉంటే ఇట్టే దొరికిపోతుంది.

అక్కడ కనిపించే హెచ్-ఇండెక్స్‌ను (పేపర్ల సంఖ్యను, వాటి సైటేషన్లను కలిపి చూపే అంకెను) 2005లో హోర్హే హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ప్రతిపాదించారు. ఐదు పేపర్లకు వరుసగా 40, 9, 4, 3, 0 సైటేషన్లున్నాయనుకోండి. కనీసం మూడేసి సైటేషన్లున్న పేపర్లు మూడైనా ఉన్నాయి, నాలుగేసి ఉన్నవి నాలుగు లేవు. కాబట్టి హెచ్-ఇండెక్స్ 3. ఆ 40 కాస్తా 400 అయినా అది 3 దగ్గరే ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ ఈ అంకె పెరుగుతుందే తప్ప తగ్గదు. అందుకని రిటైర్మెంట్‌కు దగ్గరపడ్డ ప్రొఫెసర్‌ను, నిన్నగాక మొన్న చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్‌ను దీంతో పోల్చొద్దు.

టోటల్ వేలల్లో ఉంటే అత్యధిక సైటేషన్లున్న పేపర్ తెరిచి రచయితల లిస్టు చూడండి. గ్లోబల్ బర్డెన్ ఆఫ్ డిసీజ్ లాంటి అంతర్జాతీయ అధ్యయనాల్లో వందల మంది రచయితలుంటారు, సైటేషన్లు వేలల్లో వస్తాయి. మంది ఎక్కువైతే మజ్జిగ పలచనే కదా, అందులో మన సార్ వాటా ఎంతో తేల్చడం కష్టం. అలాంటివి పక్కనపెట్టి మిగతావి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. 'సైటెడ్ బై' నొక్కి, ఆయన పేపర్లను ఆయన టీమే మళ్లీ మళ్లీ సైట్ చేస్తోందా అన్నదీ చూడండి. కొంత మామూలే, మొత్తం అదే అయితే అనుమానించాలి.

వెనక్కి తీసుకున్న పేపర్ అయితే పబ్‌మెడ్‌లో ఆ పేజీ మీదే రిట్రాక్షన్ నోటీసు ఉంటుంది. ఒక్కటి కనిపించిందని మనిషిని కొట్టేయకండి, కారణం చదవండి. నిజాయితీగా తప్పు ఒప్పుకుని వెనక్కి తీసుకున్నవాళ్లూ ఉంటారు.

స్టూడెంట్‌గా మీరు చూడాల్సింది

నన్నడిగితే మీకు హెచ్-ఇండెక్స్ కంటే రచయితల వరుసే ముఖ్యం. బయోమెడికల్ పేపర్లలో మామూలుగా పని చేసినవాళ్ల పేరు మొదట, ల్యాబ్ నడిపేవాళ్ల పేరు చివర ఉంటుంది. గత ఐదేళ్ల పేపర్లలో సార్ పేరు చివర ఉన్నవి ఏరి, వాటిలో మొదట ఉన్న రచయితల పేర్లు ఒక కాగితం మీద రాసుకోండి. వాళ్లలో ఆయన పీహెచ్‌డీ స్టూడెంట్లు ఎంతమంది? చేరిన ఎన్నేళ్లకు మొదటి పేపర్ వచ్చింది? స్టూడెంట్లున్నా ప్రతి పేపర్లోనూ సార్ పేరే మొదట ఉంటే ఎందుకో అడగాలి. అడగాల్సింది ఆయన్ని కాదు, ఆ ల్యాబ్‌లో పూర్తి చేసుకుని బయటపడ్డవాళ్లని. సార్‌ను కలవడానికి వెళ్లేముందే వాళ్లలో ఇద్దరికి ఫోన్ చేయండి.