డాలు చదవడం నేర్చుకుందాం - 4వ పాఠం: మాయమైన పన్నెండు ఫిరంగులు

ఇక్కడ డాలు అంటే ఒక వంశానికో ప్రాంతానికో గుర్తుగా ఉండే డాలు ఆకారపు చిహ్నం; దాని మీది బొమ్మల్ని మాటల్లో చెప్పడమే చదవడం. క్రితం పాఠంలో రంగుల పేర్లు చూశాం. స్పెయిన్‌లో మామూలుగా ఆకుపచ్చని 'వెర్దె' అంటారు గానీ డాలు మీదికి ఎక్కితే అది 'సినోప్లె' అవుతుంది. ఎరుపు 'గూలెస్' అవుతుంది. బంగారం, వెండి లోహాలు, మిగతావి రంగులు. లోహం మీద లోహం, రంగు మీద రంగు పెట్టకూడదన్న సూత్రం కూడా గుర్తుండే ఉంటుంది. ఈసారి వాటితో ఒక డాలు మొత్తం చదువుదాం.

మన డాలు గిపుస్కోవా ప్రావిన్స్‌ది. ఉత్తర స్పెయిన్‌లో, బాస్క్ ప్రాంతంలో, ఫ్రాన్స్ సరిహద్దును ఆనుకుని సముద్రం ఒడ్డున ఉంటుంది. రాజధాని సాన్ సెబాస్టియన్.

కాగితం మీద డాలు ఆకారం గీయండి. ముందు నేల, అంటే బొమ్మల వెనక ఉండే రంగు చెప్పాలి: వెండి. కాగితం తెల్లగా వదిలేస్తే చాలు. తర్వాత అసలు బొమ్మ: పక్కపక్కనే మూడు యూ చెట్లు (సూదుల్లాంటి ఆకులుండే చెట్టు), సినోప్లె రంగులో. ఆకుపచ్చ రంగు, వెండి లోహం, కాబట్టి సూత్రం తప్పలేదు. చివరగా అడుగున నీలం, వెండి అలలు. వాక్యంగా చదివితే: 'వెండి నేల మీద మూడు సినోప్లె యూ చెట్లు, కింద నీలం వెండి అలలు.' సరిగ్గా చదివారో లేదో తెలియాలంటే ఫోన్‌లో ఎవరికైనా ఈ వాక్యం చెప్పి గీయమనండి. (నేను చెప్పినప్పుడు అవతలివాళ్లు మూడు కొబ్బరిచెట్లు గీశారు. చెట్టు పేరు వదిలేశాను మరి!)

ఇంతవరకు సులువే. ఇప్పుడు ఇదే ప్రావిన్స్ పాత డాలు చూడండి. చెట్లు కింది సగంలో ఉన్నాయి. పై సగం రెండు గదులు. కుడి గదిలో కత్తి పట్టుకుని సింహాసనం మీద కూర్చున్న రాజు, ఎడమ గదిలో పన్నెండు ఫిరంగులు. 'అదేంటి, రాజు ఎడమవైపు కదా ఉన్నాడు?' అనిపిస్తే, మీరు డాలును ఎదురుగా నిలబడి చూస్తున్నారు. కుడి ఎడమలు డాలు పట్టుకున్నవాడివి. పెళ్లి ఫోటో తలుచుకోండి: వధువు వరుడికి ఎడమవైపే కూర్చుంటుంది, చూసేవాళ్లకి మాత్రం కుడివైపు కనిపిస్తుంది.

ఆ ఫిరంగులు ఎక్కడివి? అప్పట్లో గిపుస్కోవా స్పెయిన్‌లోని కాస్టీల్ రాజ్యం కింద ఉండేది. 1512లో ఆ కాస్టీల్ సేన పక్క రాజ్యం నవార్రాను ఆక్రమించింది. పదవి పోయిన నవార్రా రాజు ఫ్రెంచ్ సైన్యం సాయంతో వచ్చి తన రాజధాని పాంప్లోనాను ముట్టడించాడు. కోట లొంగలేదు. డిసెంబరులో వెనుదిరిగిన ఆ సైన్యం మీద బెలాటె కనుమ దగ్గర గిపుస్కోవా వాళ్లు పడి ఫిరంగులు లాక్కున్నారు. మరుసటి ఏడాది, 1513లో, కాస్టీల్ రాణి హువానా పేరిట ఆ ఫిరంగులు డాలులోకి ఎక్కాయి.

నాలుగున్నర శతాబ్దాలు అక్కడే ఉన్నాయి. 1979లో ప్రావిన్స్ సభ రాజునీ ఫిరంగులనీ తీసేసింది. నవార్రా వాళ్లు పరాయివాళ్లు కాదు, వాళ్ల మీద గెలుపును ఇంకా గుమ్మానికి తగిలించుకోవడం ఏం బాగుంటుందన్నది వాదన. నా మటుకు చెట్లొక్కటే ఉన్న డాలే చూడముచ్చటగా ఉంటుంది. చదవడం నేర్చుకునేవాళ్లకి మాత్రం పాతదే మంచి మేత.

హోంవర్క్: పక్క ప్రావిన్స్ బిస్కే. 1986కి ముందు డాలు, తర్వాతి డాలు పక్కపక్కన పెట్టుకుని రెండింటినీ ఒక్కో వాక్యంలో చదవండి. చెట్టు ఉండిపోయింది, తోడేళ్లు రెండూ పోయాయి. అవి ఎవరివో కనిపెట్టడానికి ఒక క్లూ: ఒకప్పుడు ఆ సీమను ఏలింది లోపెస్ దె ఆరో వంశం, లాటిన్‌లో తోడేలు 'లుపుస్'.