ఎస్‌ఎస్‌డీ వేయించినా బ్యాకప్ పెరగలేదా?

"హార్డ్ డిస్క్ పీకి ఎస్‌ఎస్‌డీ ఏస్తే ఛార్జింగ్ డబుల్ వస్తది." నల్లగొండ గడియారం సెంటర్‌లో అడిగినా, పాలమూరులో అడిగినా ఇదే మాట. డబుల్ రాదు. ఎస్‌ఎస్‌డీ అంటే తిరిగే డిస్క్ లేకుండా చిప్‌లలో డేటా దాచే డ్రైవ్. ల్యాప్‌టాప్‌లో కరెంటు తినేవాటిలో స్క్రీన్, ప్రాసెసర్ ముందుంటాయి, డ్రైవ్ వాటా చిన్నది. అయితే ఆ చిన్న వాటా ఒక్కోసారి అరగంట, ముప్పావుగంట తేడా తెస్తుంది. ఇంకోసారి కొత్త డ్రైవ్ వల్లే బ్యాకప్ తగ్గుతుంది కూడా.

డ్రైవ్ మీద అనుమానపడే ముందు బ్యాటరీ చూడండి

కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఇంగ్లిష్ అక్షరాల్లో పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, ఒక స్పేస్ ఇచ్చి, స్లాష్ పెట్టి దానికి ఆనుకుని బ్యాటరీరిపోర్ట్ అని కొట్టండి. ఒక ఫైలు తయారవుతుంది, అది ఎక్కడ ఉందో అక్కడే రాసి చూపిస్తుంది. దాన్ని బ్రౌజర్‌లో తెరవండి. అందులో డిజైన్ కెపాసిటీ 45,000 అని, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ 22,000 అని ఉందనుకోండి, సగం బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. ఏ డ్రైవ్ వేసినా అది తిరిగి రాదు. మిర్యాలగూడ రైస్ మిల్లుల ఆఫీసుల్లో, ఎండాకాలం రేకుల కింద, పొద్దంతా ఛార్జర్‌కే తగిలించి ఉంచే ల్యాప్‌టాప్‌లకు ఈ గతే పడుతుంది. నిండు ఛార్జ్, పైనుంచి వేడి రెండూ కలిస్తే బ్యాటరీ త్వరగా ముసలిదవుతుంది. ఛార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ మీ ల్యాప్‌టాప్‌లో ఉంటే పెట్టుకోండి.

లక్షణం: పాత హార్డ్ డిస్క్, బ్యాకప్ తక్కువ

ఇందులో డిస్క్ నిజంగా తిరుగుతుంది. పని లేకుండా తిరుగుతున్నా దాదాపు ఒక వాట్ తింటుంది, చదివేటప్పుడు, రాసేటప్పుడు రెండు వాట్ల దాకా పోతుంది. ఆగిన డిస్క్ మళ్లీ తిరగడం మొదలుపెట్టినప్పుడు, బోరు మోటారు ఆన్ చేసినట్టే, కొన్ని క్షణాలు నాలుగైదు వాట్లు లాగుతుంది. మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ (పాత హార్డ్ డిస్క్ తగిలించే కనెక్షన్‌తోనే నడిచేది) ఖాళీగా ఉన్నప్పుడు వాట్‌లో పదో వంతు కూడా తీసుకోదు. 40 వాట్ అవర్ల బ్యాటరీ మీద ఎనిమిది వాట్లు వాడే ల్యాప్‌టాప్ ఐదు గంటలు నడుస్తుంది. ఏడు వాట్లకు దిగితే ఐదు గంటల నలభై నిమిషాలు దాటుతుంది. ఎస్‌ఎస్‌డీ వల్ల వచ్చే లాభం ఇంతే.

లక్షణం: ఎన్‌వీఎంఈ వేశాక అడుగున వేడి, బ్యాకప్ ముందుకన్నా తక్కువ

ఎక్కువ మందిని తికమక పెట్టేది ఇదే. ఎన్‌వీఎంఈ అంటే సాటా కన్నా వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ రకం. అది గట్టిగా పనిచేసేటప్పుడు ఐదు వాట్లు దాటగలదు. అది తప్పు కాదు, పని చిటికెలో అయిపోతుంది. అసలు సంగతి పని అయ్యాక మొదలవుతుంది. డ్రైవ్ గాఢనిద్రలోకి పోతే కొన్ని మిల్లీవాట్లతో సరిపెట్టుకుంటుంది. పోకపోతే ఏ పనీ లేకుండానే వాట్‌కు అటూఇటూగా తింటూ కూర్చుంటుంది. పాత హార్డ్ డిస్క్‌కూ దానికీ ఇక తేడా ఏముంది?

దాన్ని పడుకోనివ్వనిది చాలాసార్లు మనమే. స్పీడ్ కోసమని పవర్ ప్లాన్‌ను హై పర్ఫార్మెన్స్‌లో పెడతాం, దాంతో డ్రైవ్‌ను ల్యాప్‌టాప్‌కు కలిపే పీసీఐ ఎక్స్‌ప్రెస్ లింక్‌కు ఉన్న పొదుపు ఆఫ్ అవుతుంది. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కు పోయి బ్యాలెన్స్‌డ్‌కు మార్చండి. అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో లింక్ స్టేట్ పవర్ మేనేజ్‌మెంట్ కనిపిస్తే, ఆన్ బ్యాటరీ దగ్గర మాగ్జిమమ్ పవర్ సేవింగ్స్ ఎంచుకోండి. కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లలో ఆ వరుసే కనిపించదు, దాని కోసం వెతకొద్దు. అప్పటికీ తగ్గకపోతే ల్యాప్‌టాప్ బయాస్ (ఆన్ చేయగానే ముందు నడిచే ప్రోగ్రామ్), డ్రైవ్ ఫర్మ్‌వేర్ (డ్రైవ్‌ను నడిపే లోపలి ప్రోగ్రామ్) అప్‌డేట్ చేయండి. బయాస్ అప్‌డేట్ చేసేటప్పుడు ఛార్జర్ పెట్టే ఉంచాలి.

లక్షణం: ఎస్‌ఎస్‌డీ ఉన్నా లోపల టిక్కుమని, గుయ్యిమని చప్పుడు

డీవీడీ డ్రైవ్ తీసేసి ఆ ఖాళీలో పాత హార్డ్ డిస్క్ పెట్టించుకున్నారన్నమాట. విండోస్ ఎస్‌ఎస్‌డీలోనే ఉన్నా సెర్చ్ ఇండెక్సింగ్ (వెతుకులాట కోసం ఫైళ్ల జాబితా కట్టుకోవడం), యాంటీవైరస్ మాటిమాటికీ ఆ డిస్క్‌ను లేపుతుంటాయి. ఇండెక్సింగ్ జాబితాలోంచి ఆ డ్రైవ్‌ను తీసేయండి. డౌన్‌లోడ్స్ అందులోకి పోతుంటే మార్చండి. పవర్ ఆప్షన్స్ అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో డిస్క్ ఆగే సమయం ఐదు నిమిషాలు పెట్టండి. ఒక్క నిమిషం పెడితే ఆగడం, లేవడంలోనే కరెంటు పోతుంది. పెళ్లి వీడియోలు, పాత ఫొటోలే ఉంటే దాన్ని బయటికి తీసి యూఎస్‌బీ కేసులో పెట్టుకోవడం నయం.

లక్షణం: కొత్తగా విండోస్ వేశాక ఫ్యాన్ ఆగదు

అప్‌డేట్లు, ఇండెక్సింగ్ నడుస్తుంటాయి. ఒక రాత్రి ఛార్జర్ పెట్టి వదిలేయండి. ఆ తర్వాత కూడా టాస్క్ మేనేజర్‌లో డిస్క్ వంద శాతం దగ్గరే ఉండి, ర్యామ్ 4 జీబీ అయితే డ్రైవ్‌ను తిట్టి లాభం లేదు. చాలని ర్యామ్‌కు బదులు విండోస్ డ్రైవ్‌ను వాడుకుంటోంది. డబ్బులు ర్యామ్ మీద పెట్టండి.

కొత్త డ్రైవ్ కొనడానికి సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీకే పోయినా, నల్లగొండలోనే తీసుకున్నా, పెట్టె మీది స్పీడ్ అంకె ఒక్కటే చూడొద్దు. మీ స్లాట్ సాటాదా, ఎన్‌వీఎంఈదా, ఏ జెనరేషన్‌దా అని ముందు తెలుసుకోండి. జెన్ 3 స్లాట్‌లో జెన్ 4 డ్రైవ్ పనిచేస్తుంది గానీ జెన్ 3 వేగంతోనే. తర్వాత కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ మోడల్ స్పెసిఫికేషన్లు తెరిచి, ఐడిల్ (పని లేనప్పుడు) దగ్గర, స్లీప్ (గాఢనిద్ర) దగ్గర ఎన్ని మిల్లీవాట్లు రాశారో చూడండి. ఎంత తక్కువుంటే అంత మంచిది.