పని ఒత్తిడి కాలానికి ముందు: బర్నవుట్‌ను పట్టుకునే గీతలు ఇప్పుడే గీసుకోండి

ఏడాది లెక్కలు ముగించే నెల, పరీక్షల కాలం, ప్రాజెక్టు గడువు, వార్డులన్నీ నిండిపోయే రోజులు. ఏ వృత్తిలో ఉన్నా ఊపిరి సలపని కాలం ఒకటి వస్తుంది. ఎప్పుడు వస్తుందో కూడా చాలావరకు ముందే తెలుస్తుంది. పని ఎలా పూర్తిచేయాలో ప్రణాళిక వేసుకుంటాం గానీ, ఆ పని చేసే మనిషి సంగతి చూసుకోం. బర్నవుట్‌లో, అంటే పని ఒత్తిడి మనిషిని లోపల్నుంచి ఖాళీ చేసేసే స్థితిలో, అసలు చిక్కు ఏమిటంటే, మన పరిస్థితిని మనమే అంచనా వేసుకునే శక్తిని అది ముందుగా తినేస్తుంది. పీకలదాకా మునిగిన మనిషి కూడా "నాకేం కాలేదు, ఈ నెల గడిస్తే చాలు" అనే అంటాడు. కాబట్టి ఎక్కడ ఆగాలో, ఎప్పుడు థెరపిస్టు దగ్గరికి వెళ్లాలో తల తేటగా ఉన్నప్పుడే, ఒత్తిడి మొదలవడానికి రెండు మూడు వారాల ముందే కాగితం మీద పెట్టాలి.

అలసటా, బర్నవుటా, డిప్రెషనా?

బర్నవుట్ అన్న మాటను 1974లో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మనస్తత్వవేత్త ఉచిత క్లినిక్‌లలో పనిచేసేవాళ్ల స్థితిని చెబుతూ వాడారు. ఆ తర్వాత క్రిస్టీనా మాస్లాక్, సూసన్ జాక్సన్ అనే పరిశోధకులు కలిసి దాన్ని కొలిచే ప్రశ్నావళిని 1981లో ప్రచురించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన జబ్బుల వర్గీకరణ, ఐసీడీ-11, దీన్ని జబ్బుగా లెక్కించలేదు. పనిచోట చాలాకాలం అదుపు కాని ఒత్తిడి వల్ల వచ్చే స్థితి అంది. ఈ మాటను పనికి సంబంధించినంత వరకే వాడాలని కూడా చెప్పింది. ఈ చివరి షరతును తేలిగ్గా తీసుకోవద్దు. "బర్నవుట్ లెండి" అనుకుంటూ డిప్రెషన్‌ను నెలల తరబడి మోసేవాళ్లు ఉంటారు.

ఐసీడీ-11 చెప్పే లక్షణాలు మూడు. మొదటిది, ఒంట్లో సత్తువంతా తోడేసినట్టుండే నిస్సత్తువ. దీన్ని ఎవరైనా గుర్తుపడతారు. మూడోది, ఎంత చేసినా చేతకావడం లేదన్న భావన. ఒకే మెయిల్‌ను నాలుగుసార్లు చదవడం, చిన్న నిర్ణయానికి గంట పట్టడం దాని గుర్తులు. అందరి కళ్లూ తప్పించుకునేది రెండోదే: పని మీద, పనిలో ఎదురయ్యే మనుషుల మీద విరక్తి. నర్సుకు రోగి పేరు పోయి పడక నంబరే మిగులుతుంది. టీచర్‌కు పిల్లవాడి సందేహం చిరాకు తెప్పిస్తుంది. దీన్ని చూసినవాళ్లు "మనిషి మారిపోయాడు, పొగరెక్కింది" అంటారు. ఆ మనిషికీ అలాగే అనిపించి తప్పు చేసినట్టు కుమిలిపోతాడు. నిజానికి ఇది గుణం కాదు. ఇక ఇవ్వడానికి ఏమీ మిగలని మనసు తనను తాను కాపాడుకోవడానికి వేసుకునే తలుపు.

అలసట, బర్నవుట్, డిప్రెషన్ ఈ మూడింటినీ విడదీయడానికి విశ్రాంతి మంచి గీటురాయి. రెండు రాత్రులు కడుపునిండా నిద్రపోయి, ఒక రోజు పని ముట్టుకోకపోతే తేరుకున్నారా? అది అలసట. సెలవులో కాస్త తేలికపడి, మర్నాడు పనికి వెళ్లాలన్న తలంపుకే గుండె బరువెక్కుతోందా? బర్నవుట్ వైపు అడుగు పడింది. సెలవు రోజున కూడా ఇష్టమైన పాట, ఇష్టమైన మనిషి ఏదీ మనసును తాకడం లేదా? అప్పుడు డిప్రెషన్‌ను అనుమానించాలి. ఈ గీటురాయి రోగనిర్ధారణ కాదు, ఎటు వెళ్లాలో చెప్పే దిక్సూచి. బర్నవుట్, డిప్రెషన్ రెండూ కలిసే ఉండటం కూడా మామూలే.

ముందు రక్తపరీక్ష

థైరాయిడ్ మందగించినా, రక్తహీనత ఉన్నా, బీ12 తగ్గినా, షుగర్ పెరిగినా ఇదే నిస్సత్తువ, ఇదే మందకొడితనం కనిపిస్తాయి. కాబట్టి ఒత్తిడి కాలానికి ముందే వైద్యుడి సలహాతో సీబీసీ (రక్తకణాల లెక్క), టీఎస్‌హెచ్ (థైరాయిడ్), బీ12, షుగర్ పరీక్షలు చేయించుకోండి. గట్టిగా గురకపెట్టి, ఎంత పడుకున్నా పగలు తూగేవాళ్లు స్లీప్ ఆప్నియా గురించి కూడా అడగాలి. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే మనిషికి కౌన్సెలింగ్ ఒక్కటే ఇస్తే సగం వైద్యమే.

ఒక పేజీ కొలత

ఇంకా మామూలుగా ఉన్న ఏడు రోజులు ఒక పేజీలో ఇవి రాయండి: ఎన్ని గంటలు నిద్రపోయారు, నిద్ర పట్టడానికి ఎంతసేపు పట్టింది, ఎన్ని గంటలు పనిచేశారు, ఎన్ని కప్పుల కాఫీ లేదా టీ తాగారు, ఎన్నిసార్లు ఎవరి మీదైనా విసుక్కున్నారు, పనితో సంబంధం లేకుండా మీకు నచ్చినది ఏదైనా చేశారా. ఇది మీ మామూలు స్థితి. మంచి స్థితి కాకపోయినా ఫర్వాలేదు, పోల్చుకోవడానికి ఒక ఆధారం కావాలి. ఒత్తిడి కాలంలో వారానికోసారి, ఒకే రోజు, ఒకే వేళకు ఇదే పేజీ నింపండి. ఐదు నిమిషాలు చాలు. రోజూ నింపుదామనుకుంటే మొదటి వారంలోనే మానేస్తారు.

దాని కింద మీ గీతలు రాసుకోండి. మాకు సరైనవిగా తోచేవి ఇవి. వారంలో మూడు రాత్రులకు మించి ఆరు గంటలకన్నా తక్కువ నిద్ర, అదీ వరుసగా రెండు వారాలు. పడుకున్నాక అరగంట దాటినా నిద్రపట్టకపోవడం, లేదా మధ్యరాత్రి లేచి మళ్లీ కునుకు రాకపోవడం వారంలో మూడు రాత్రులు. వరుసగా రెండు వారాలు నచ్చిన పని ఒక్కటీ చేయకపోవడం. మత్తు లేకపోతే నిద్ర పట్టదనిపించడం. వీటిలో ఏ రెండు దాటినా ఏం చేస్తారో కూడా అక్కడే ఉండాలి: ఫలానా పని వదులుతాను, ఫలానా వాళ్లకు ఫోన్ చేస్తాను.

ఆ పేజీ నకలు మిమ్మల్ని రోజూ చూసే ఒకరికి ఇవ్వండి. "నన్ను గమనిస్తూ ఉండు" అంటే ఎవరికీ ఏం చేయాలో తెలియదు. "రెండు వారాలు వరుసగా నేను అన్నం ముందు కూర్చుని ఫోనే చూస్తుంటే, ఈ పేజీ తీసి నా చేతిలో పెట్టు. నేను వాదించను" అని చెప్పండి. ఆ వాదించననే మాట ముందే ఇవ్వకపోతే, అవసరమైన రోజున కచ్చితంగా వాదిస్తారు.

పనిగంటలకూ ఒక హద్దు ఉండాలి. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవాళ్లకు, 35 నుంచి 40 గంటలు పనిచేసేవాళ్లతో పోలిస్తే పక్షవాతం ముప్పు సుమారు 35 శాతం, గుండె రక్తనాళాల జబ్బుతో మరణించే ముప్పు సుమారు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో అంచనా వేశాయి. ఆ గీత దాటక తప్పదంటే ఎన్ని వారాలు దాటతారో తేదీతో సహా ముందే తేల్చుకోండి. పై అధికారితో మాట్లాడేటప్పుడు "పని చాలా ఎక్కువగా ఉంది" అంటే సానుభూతి తప్ప ఏమీ రాదు. "ఈ ఆరు వారాలు ఈ రెండు పనులు ఎవరు చూస్తారు?" అని పేర్లతో అడిగితే జవాబు వస్తుంది.

కాఫీలోని కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. పడుకునే వేళకు ఎనిమిది గంటల ముందే ఆపేయడం మంచిది. మద్యం తొందరగా నిద్రపుచ్చినా రాత్రి రెండో సగాన్ని ముక్కలు చేస్తుంది. వరుసగా 17 గంటలు మేలుకున్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి స్థాయికి పడిపోతుంది. అలాంటి రాత్రి బండి తాళం ఇంకొకరికి ఇవ్వండి.

ఎప్పుడు వెళ్లాలి

మనసు బాగోలేకపోవడం, దేని మీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలపాటు దాదాపు రోజూ ఉంటే ఒత్తిడి కాలం ముగిసేదాకా ఆగకండి. పనిచోటి చిరాకు ఇంటిదాకా పాకినా, కారణం లేకుండా ఏడుపొస్తున్నా, ఉన్నట్టుండి గుండె దడ, చెమటలు, ఊపిరాడకపోవడం మళ్లీ మళ్లీ వస్తున్నా అంతే. మొదటిసారి ఛాతీలో నొప్పి, దడ వస్తే మాత్రం అది మనసుదేనని మీరే తేల్చేయకండి, వెంటనే వైద్యుడికి చూపించండి.

డిప్రెషన్ లక్షణాలు ఎంత ఉన్నాయో సొంతంగా చూసుకోవడానికి పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళి ఉంది. తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. పది, అంతకు మించి వస్తే నిపుణులను కలవాలి. పది రాలేదని కష్టం లేనట్టు కాదు. మొత్తం ఎంతైనా సరే, చనిపోతే బాగుండు, నన్ను నేను గాయపరచుకోవాలి అన్న ఆలోచనల గురించి అడిగే తొమ్మిదో ప్రశ్నకు సున్నా కాని జవాబు వస్తే ఆ రోజే ఎవరితోనైనా చెప్పండి, ఆ రోజే వైద్యుడితో మాట్లాడండి. ఆలోచన బలంగా ఉంటే ఒంటరిగా ఉండకండి. హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి, లేదా నేరుగా ఆస్పత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి. పక్కనున్నవాళ్లు "చావాలనిపిస్తోందా?" అని సూటిగానే అడగవచ్చు. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది నిజం కాదు. చెప్పుకునే దారి దొరికి చాలామంది ఊపిరి పీల్చుకుంటారు.

ఎవరి దగ్గరికి, ఎలా

సైకాలజిస్టు మాటల ద్వారా థెరపీ ఇస్తారు. సైకియాట్రిస్టు వైద్యుడు, మందులు రాస్తారు. నిద్ర, ఆకలి బాగా దెబ్బతిన్నా, రోజువారీ పనులే ఆగిపోయినా ముందు సైకియాట్రిస్టు దగ్గరికే వెళ్లండి. అపాయింట్‌మెంట్ దొరకడానికి వారాలు పట్టవచ్చు గనుక ఒకరిద్దరి పేర్లు, నంబర్లు ఇప్పుడే ఆ పేజీ వెనక రాసిపెట్టుకోండి.

మొదటిసారి ఏం చెప్పాలో తోచకపోతే కొలత పేజీ వాళ్ల ముందు పెట్టండి చాలు. సెషన్ సాధారణంగా 45 నుంచి 60 నిమిషాలు ఉంటుంది. ఆలోచనల, ప్రవర్తనల తీరును మార్చుకోవడం నేర్పే సీబీటీ అనే పద్ధతిలో అయితే తరచుగా 6 నుంచి 20 సెషన్లు పడతాయి. చాలామంది తప్పు చేసేది మొదటి కొన్ని సెషన్ల తర్వాత: "ఏం మార్పు లేదు" అని మానేస్తారు. మూడు నాలుగు సెషన్లయినా మీ మాట వినపడటం లేదనిపిస్తే ఆ మాటే వాళ్లతో అనండి. అప్పటికీ కుదరకపోతే మనిషిని మార్చండి, థెరపీని మానకండి. డిప్రెషన్ మందులు పనిచేయడం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది, తేలికపడ్డామని మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకూడదు.

థెరపీ చేయలేనిదీ ఒకటుంది. పనిభారం, పని మీద మన అధికారం, గుర్తింపు, తోటివాళ్లతో బంధం, న్యాయం, విలువలు అనే ఆరుచోట్ల మనిషికీ ఉద్యోగానికీ పొత్తు చెడితే బర్నవుట్ వస్తుందని మాస్లాక్, మరో మనస్తత్వవేత్త మైకేల్ లీటర్ చెప్పారు. చెడింది న్యాయం దగ్గరైతే సెలవు దాన్ని నయం చేయదు, శ్వాస వ్యాయామాలూ చేయవు. మంచి థెరపిస్టు అలాంటప్పుడు ఉద్యోగం గురించి మాట్లాడనిస్తారు తప్ప ఇంకాస్త ఓర్చుకోమనరు.

ఒత్తిడి కాలం ముగిసిన రెండు వారాలకు పేజీ మరోసారి నింపండి. అంకెలు మొదటి వారం దగ్గరికి తిరిగి రాకపోతే, వెనక రాసిన నంబరుకు ఆ రోజే ఫోన్ చేయండి.