కిలిమంజారో కనిపించే గుడారంలో బస: నెల్లూరు, ఒంగోలు నుంచి వెళ్లేవాళ్లకు

కిలిమంజారో ఉన్నది టాంజానియాలో. నిండుగా చూడాలంటే మాత్రం దానికి ఉత్తరాన, కెన్యాలో ఉన్న అంబోసెలి నేషనల్ పార్కుకి వెళ్లాలి. 5,895 మీటర్ల ఆ కొండ రోజంతా కనబడదు. ఎండెక్కేకొద్దీ వాలుల మీది తేమగాలి పైకి లేచి, చల్లబడి మబ్బు కడుతుంది. చాలా రోజులు పదింటికల్లా శిఖరం మూసుకుపోయి, మళ్లీ పొద్దువాలాకే బయటపడుతుంది. ఒక్క రాత్రి కోసం అంత ఖర్చు పెట్టడం దండగ. మూడు రాత్రులైనా ఉండండి. మార్చి చివరి నుంచి మే దాకా పెద్ద వానలు, ఆ నెలలు వద్దు.

కొండ కనిపిస్తుందని చెప్పే క్యాంపుల్లో కొన్నిచోట్ల అది భోజనశాల నుంచే కనిపిస్తుంది. మీ గుడారం వాకిలి దక్షిణానికి ఉందా, ఎదురుగా చెట్లు అడ్డమా అని అడిగి, గుడారం నంబరుతో సహా మెయిల్‌లో రాయించుకోండి. రాత్రి సఫారీ కావాలంటే పార్కు బయట ఉండే కన్సర్వెన్సీల్లో (విడిగా నడిపే వన్యప్రాణి రక్షిత భూముల్లో) దిగాలి, పార్కు లోపల దానికి అనుమతి లేదు.

ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి. అది వేసే కేంద్రాల్లో ఒకటి చెన్నై గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్. గుడ్డు పడనివాళ్లు డాక్టరుకు ముందే చెప్పాలి. టీకా వేసినట్టు ఇచ్చే కార్డు లేకుండా తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే క్వారంటైన్‌కి పంపుతారు. మలేరియా మాత్రలు కూడా అప్పుడే రాయించుకోండి.

నైరోబీలో పెద్ద విమానం దిగేది ఒకచోట, అంబోసెలి చిన్న విమానం ఎక్కేది విల్సన్ విమానాశ్రయంలో. అక్కడ చేతిసంచితో కలిపి 15 కిలోలే, అదీ మెత్తటి బ్యాగులో. గట్టి సూట్‌కేసు సామాన్ల అరలో పట్టదు. మిగతాది నైరోబీ హోటల్లో వదిలేయండి. కెన్యాలో ప్లాస్టిక్ కవర్లు 2017 నుంచి నిషేధం కాబట్టి కందిపొడి, కారప్పొడి స్టీలు డబ్బాల్లో సర్దుకోండి. స్వెట్టరు మరవద్దు. జూలై, ఆగస్టు తెల్లవారుజామున పైకప్పు లేని జీపులో కొట్టే చలి మన వైపు డిసెంబరులోనూ ఉండదు.

ఆ పొడుల డబ్బాలు క్యాంపుకి చేరగానే వంటవాళ్లకు అప్పగించండి. గుడారంలో తినేది ఏదున్నా కోతులు జిప్పు తీసి దూరతాయి, వాసనకు ఏనుగులూ వస్తాయి. చాలా క్యాంపులకు కంచె ఉండదు. చీకటి పడ్డాక ఒంటరిగా అడుగు బయట పెట్టకండి. టార్చి ఊపితే కాపలాదారు వచ్చి తీసుకెళ్తాడు. పక్కలో వెచ్చగా ఏదో తగిలితే జంకకండి, అది చలికి పెట్టే వేడినీళ్ల సంచి. బకెట్ షవరు ఉన్నచోట పావుగంట ముందు చెప్తే సుమారు 20 లీటర్ల వేడినీళ్లు పైకెక్కిస్తారు. ఒళ్లు తడిపి, కుళాయి కట్టేసి, సబ్బు రాసుకున్నాక మళ్లీ తిప్పండి. తిప్పి వదిలేస్తే నురగతోనే నిలబడాల్సి వస్తుంది.

టీ ఐదున్నరకే గుడారానికి తెమ్మని రాత్రే చెప్పండి. సూర్యోదయం ఏడాది పొడవునా ఆరున్నర ప్రాంతంలోనే. ముందుగా మంచు శిఖరం ఎర్రబడుతుంది, ఆ వెలుగు నిమిషాల్లోనే మారిపోతుంది. కెమెరా రాత్రే సిద్ధం చేసుకోండి, దుమ్ము పట్టకుండా గుడ్డసంచిలో ఉంచండి. తిరుగు విమానం మధ్యాహ్నానిది తీసుకుంటే ఆఖరి ఉదయం కూడా మీకు దక్కుతుంది.