పదో తరగతికి ఆంక్షల పాఠం ఎట్ల ఆడించాలె

నల్లోళ్లను జాతి వివక్షతోటి అణిచిన దక్షిణాఫ్రికా తెల్లోళ్ల సర్కారు మీద మిగిలిన దేశాలు ఆంక్షలు పెట్టినయ్, అంటే వ్యాపారం, సంబంధాలు బంద్ జేసినయ్. ఈ పాఠం చదివిపియ్యకుర్రి, ఆడించుర్రి. హన్మకొండ బడిల నేను జేసేది ఇదే.

ఒక బెంచీని దక్షిణాఫ్రికా అనుర్రి. మిగిలిన బెంచీలు దేశాలు. ఎవలు సంబంధం తెంచుకుంటే వాళ్లు లేచి మొకం తిప్పాలె. మొదలు లేచేది ఇండియా: 1946ల వ్యాపారం బంద్ పెట్టింది, అక్కడున్న తన రాయబారిని (హైకమిషనర్‌ను) వెనక్కి పిలిచింది. అప్పటికి మనకే స్వాతంత్ర్యం రాలే!

ఇక్కడ ఆగి అడుగుర్రి, ఒక్కలు బంద్ జేస్తే ఏమైతదని. మిర్చి రైతు బిడ్డ ఒకామె చెప్పింది: "ఎనుమాముల మార్కెట్ల ఒక్క అడ్తిదారు కొనకుంటే ఏంగాదు సార్. అందరు కొనకుంటేనే బస్తాలు మిగుల్తయ్."

1962ల ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ దౌత్య సంబంధాలు తెంచుకోమన్నది. పెద్ద దేశాలు వినలే; ఆ బెంచీలను కూసోనియ్యుర్రి. 1977ల భద్రతా మండలి ఆయుధాల అమ్మకం అందరికీ నిషేధించింది. అమెరికా బెంచీని 1986లనే లేపాలె, ఆంక్షల చట్టాన్ని ఆపుతందుకు అధ్యక్షుడు రీగన్ పెట్టిన వీటోను అక్కడి పార్లమెంటు (కాంగ్రెస్) తోసేసినంక.

పిల్లలు దీన్ని ఊరి బహిష్కరణతోటి కలుపుతరు, జాగ్రత్త. అక్కడ వెలేసేది బలంలేనోన్ని, ఇక్కడ సర్కారును.

నల్లోళ్లు గూడ ఓటేసిన 1994 ఎన్నికల దాక ఒక్క పీరియడ్ల రావాలె. నాకైతే మండేలా 1990ల జైలు నుంచి బయటికొస్తుండంగనే గంట కొడ్తరు.